నొప్పి నాకు బొమ్మలు నేర్పలేదు

గత ఫిబ్రవరిలో ఒక హస్తకళల ప్రదర్శనలో ఒక పెద్దాయన నా కలంకారీ బట్టల ముందు చాలాసేపు నిలబడ్డారు. వంకర తిరిగిన నా కుడిచేతి వేళ్ళు చూసి, సంగతి అడిగి తెలుసుకుని, ఎంతో ఆప్యాయంగా అన్నారు: "ఇంత బాధ పడుతున్నావు కాబట్టే తల్లీ, నీ గీతలో ఇంత ప్రాణముంది." వెళ్ళేముందు చేతులు జోడించి నమస్కారం కూడా పెట్టారు. ఆయన మనసు మంచిది. కానీ ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. అక్కడ వేలాడదీసిన ప్రతి బట్ట ఏ రోజుల్లో గీశానో నాకు గుర్తుంది. అవన్నీ నొప్పి తగ్గి ఉన్న రోజులు. నొప్పి విజృంభించిన రోజుల్లో గీసిన బొమ్మలు ఆ ప్రదర్శనలో లేవు. మరెక్కడా లేవు. వాటిని నేను గీయనే లేదు.

ఆయనకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది.

నాకు కీళ్ళవాతం వచ్చి పదకొండేళ్ళయింది. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. వయసుతో వచ్చే అరుగుదల కాదు ఇది. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద దాడికి దిగుతుంది. ముప్పై అయిదో ఏట నాకు మొదలైనప్పుడు ఏడాదిన్నర పాటు దానికి పేరు దొరకలేదు. అందుకు ఒక కారణముంది. 2006లో మా రాయలసీమలో చికున్‌గున్యా ఊళ్ళకు ఊళ్ళనే మంచం పట్టించింది. జ్వరం వారంలో పోయింది. కీళ్ళ నొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. ఆ పేరు టాంజానియా ప్రాంతపు మాకొండే భాషది, నొప్పులకు మనిషి ఒంగిపోవడం అని దాని అర్థం. ఆ ఏడాది మా వీధిలో నిటారుగా నడిచిన పెద్దవాళ్ళు తక్కువ. నాకూ అప్పుడు ఆ జ్వరం వచ్చింది. కాబట్టి ఎనిమిదేళ్ళ తర్వాత నా వేళ్ళు వాచినప్పుడు ఇంట్లోవాళ్ళు, నేను, ఇద్దరు డాక్టర్లు, అందరం ఆ పాత జ్వరాన్నే తిట్టుకున్నాం.

దారి చూపింది మా అత్తయ్య. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ఇరవై ఏళ్ళ నాటివి. ఒకరోజు పొద్దున పాలడబ్బా మూత తిప్పలేక నేను నిలబడిపోతే దగ్గరికి వచ్చి అడిగారు:

"ఎలా ఉందమ్మా? సలుపా, పోటా, పీకుతున్నట్టా?"

"అవేవీ కాదు అత్తయ్యా. వేళ్ళు కొయ్యబారిపోయినట్టున్నాయి. పది దాటాక, అంట్లు తోమాక, కాస్త వదులుతాయి."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "నాది అలా కాదు. పొద్దున లేచేసరికి బాగానే ఉంటుంది. మెట్లు ఎక్కి దిగేకొద్దీ ఎక్కువవుతుంది. నీది నా జబ్బు కాదు తల్లీ. వేరే ఎవరికైనా చూపించు."

మరుసటి వారం కీళ్ళ వ్యాధుల నిపుణురాలి దగ్గరికి వెళ్ళాం. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని ఆమె అడిగారు. ఏడు అన్నాను. ఆ ఏడును రాసుకున్నారు. తర్వాత అత్తయ్యతో చెప్పిన మాటే చెప్పాను. పొద్దున గంటన్నరకు పైగా బిగుసుకుపోతాయి, పని చేసేకొద్దీ వదులుతాయి అనగానే రాయడం ఆపి తలెత్తి చూశారు. అరుగుదల నొప్పి వాడేకొద్దీ పెరుగుతుందట. వాపుతో వచ్చే ఈ జబ్బులో పొద్దుటి బిగువు చాలాసేపు ఉండి, కదిలించేకొద్దీ సడలుతుందట. రక్తపరీక్షలు ఆ తర్వాత చేసినవి. జబ్బు జాడ మాత్రం మాటలోనే దొరికింది.

అప్పటినుంచి నొప్పి మాటలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నొప్పిని వర్ణించే 78 మాటలను ఏరి, 20 గుంపులుగా పేర్చి, రోగుల కోసం ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. దాని గురించి చదివినప్పుడు నాకు అత్తయ్యే గుర్తొచ్చారు. తల పోటెత్తుతుంది. గోరుచుట్టు సలుపుతుంది. కాళ్ళు పీకుతాయి. పక్కలో కలుక్కుమంటుంది. కడుపులో మెలిపెడుతుంది. నడుం పట్టేస్తుంది. ఒళ్ళు తీపులు తీస్తుంది. చక్కెర తీపిలాగే వినబడే తీపు అన్న మాట మన భాషలో ఒక రకం నొప్పికి కూడా ఉంది. రాత్రి కాళ్ళు పట్టించుకున్నవారికి అదేమిటో తెలుస్తుంది. ఇన్ని మాటలుండగా ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టగానే అన్నిటినీ వదిలేసి "నొప్పిగా ఉంది డాక్టర్" అని ఊరుకుంటాం. అలా ఊరుకోవద్దని నేను కనబడిన ప్రతివారికీ చెబుతున్నాను. నా ఏడాదిన్నర అందులోనే పోయింది. ఆ ఏడాదిన్నరలో పాడైన కీళ్ళు తిరిగి బాగుపడలేదు.

ఇక మందు. ప్రతి మంగళవారం రాత్రి భోజనం అయ్యాక మెథోట్రెక్సేట్ వేసుకుంటాను. అది వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. తర్వాతి రోజు ఫోలిక్ ఆమ్లం మాత్ర. ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించింది ఆయనే. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే మందుగా, కాన్సర్ కోసం, మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం నుంచే వచ్చింది. 1948లో ఆయన పోయారు. తక్కువ మోతాదులో అదే మందు కీళ్ళవాతానికి పనిచేస్తుందని గట్టిగా తేలి, అమెరికాలో అందుకు అధికారిక అనుమతి వచ్చింది 1988లో. మంగళవారం రాత్రి మాత్రలు చేతిలోకి తీసుకున్నప్పుడు చాలాసార్లు ఆయన్ను తలచుకుంటాను. నా గీతలో ప్రాణముంటే అందులో కొంత ఆయన పెట్టినది. నొప్పి పెట్టినది కాదు.

శోకమే శ్లోకమైందన్న మాట మనకు ఉగ్గుపాలతో వస్తుంది. బాధ లేనిదే కళ లేదని తేల్చేయడానికి మనవాళ్ళు ముందుగా అందుకునేది ఆ కథనే. ఆ కథను నేను బట్ట మీద మూడుసార్లు వేశాను. వేస్తున్నప్పుడే ఒక సంగతి గమనించాను. బాణం తగిలింది క్రౌంచపక్షికి. శ్లోకం పలికింది వాల్మీకి. శిష్యుడు భరద్వాజుడు వెంట ఉండగా, తమసా నది తేట నీళ్ళు చూసి ముచ్చటపడి, స్నానానికి దిగబోతున్న మనిషి ఆయన. ఎదుటి ప్రాణి దుఃఖాన్ని నిండుగా చూడడానికి కావలసిన నిమ్మళం ఆయన ఒంట్లో ఉంది. బాణం దిగిన పక్షి ఏ ఛందస్సూ కట్టలేదు. నెత్తుటిలో పొర్లాడింది, అంతే.

దుఃఖం వేరు, ఒంటి నొప్పి వేరు. దుఃఖం మనిషిని జ్ఞాపకాల్లోకి, ఇతరుల్లోకి తీసుకుపోతుంది. దానికి కథ ఉంటుంది. చూపుడువేలి మొదటి కణుపు వాచి ఎర్రబడ్డ రోజున ప్రపంచమంతా ఆ కణుపంత అవుతుంది. కిటికీ బయట వాన పడుతోందో లేదో కూడా పట్టదు. పక్కగదిలో కూతురు ఏడిస్తే జాలికి ముందు చిరాకు వస్తుంది. ఈ స్థితిలో కళ పుడుతుందని చెప్పేవాళ్ళు దాన్ని దూరం నుంచి చూసినవాళ్ళని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చిత్రకారుల ఉదాహరణలు నాకు చాలామంది చెబుతారు. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ పేరు తప్పకుండా వస్తుంది, ఎందుకంటే ఆయనదీ నా జబ్బే. 1892 ప్రాంతంలో మొదలై, 1919లో చనిపోయేదాకా వదల్లేదు. నొప్పి పోతుంది, అందం మిగులుతుంది అని ఆయన అన్నట్టుగా ఒక మాట ప్రచారంలో ఉంది. వంకరపోయిన చేతికి కుంచె కట్టించుకుని బొమ్మలు వేశాడని కథలాగా చెబుతారు. ఆ చేతికి చుట్టిన గుడ్డపీలికలు కుంచె కట్టడానికి కాదు, గోళ్ళూ కుంచె కర్రా ఒరుసుకుని చర్మం పుండు పడకుండా. కుంచెను వేళ్ళ మధ్య ఇంకొకరు పెట్టేవారు. 1915లో తీసిన చలనచిత్రంలో ఆయన చిన్నకొడుకు క్లోద్ పక్కనే ఉండి సాయం చేయడం కనిపిస్తుంది. పెద్ద చిత్రాలు కూర్చున్న చోటి నుంచే వేయడానికి, బట్టను కిందికీ పైకీ జరిపే రోలర్ల ఏర్పాటు చేయించుకున్నాడు. దక్షిణ ఫ్రాన్సులో వెచ్చని ఊరికి మకాం మార్చాడు. పిల్లవాడి చేయి, గుడ్డపీలిక, రోలర్లు, వెచ్చని గాలి. నాకు ఆయన జీవితంలో కనిపించేవి ఇవి. మిగతావాళ్ళకు కనిపించే అద్భుతమైన పట్టుదల వీటి మీదే నిలబడింది.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ రౌల్ ద్యుఫీ అనే మరో ఫ్రెంచి చిత్రకారుడు. ఆయనకూ కీళ్ళవాతమే. 1948లో కార్టిజోన్ అనే మందును ఈ జబ్బుకు మొదటిసారి వాడారు, కనిపెట్టినవారికి 1950లో నోబెల్ ఇచ్చారు. ఆ 1950లోనే ద్యుఫీ ఆ కొత్త మందు కోసం సముద్రం దాటి బోస్టన్ వెళ్ళాడు. చేతులు కదిలాయి. మళ్ళీ బొమ్మలు వేశాడు. ఆ మందు దుష్ఫలితాలు తర్వాత లోకానికంతా తెలిశాయి, నేనూ కొన్ని పడ్డాను. అయినా అడుగుతున్నాను: నొప్పే కళకు మూలమైతే, నొప్పి తగ్గినప్పుడు ఆయన కుంచె పడిపోవాలి కదా? పైకి లేచింది!

మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో సంగతీ అంతే. 1925లో పద్దెనిమిదేళ్ళ వయసులో బస్సు ప్రమాదంలో వెన్నెముక విరిగింది. మంచం మీద పడుకునే వేయగలిగేలా ఆమె కోసం తల్లి ప్రత్యేకమైన స్టాండు చేయించింది, పైన అద్దం పెట్టించింది. ఆ ప్రమాదం ఆమెను చిత్రకారిణిని చేసిందని రాసేవాళ్ళు ఆ స్టాండు చేసిన వడ్రంగిని మరచిపోతారు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. దాన్ని కొట్టిపారేయలేను. పనిలో పడితే నొప్పి తెలియదు అంటారు. అది నిజం. 1965లో మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం నొప్పి సంకేతాలు వెన్నుపాములో ఒక ద్వారం లాంటి దాన్ని దాటి మెదడుకు చేరాలి. ఆ ద్వారాన్ని మెదడు కొంత మూయగలదు, కొంత తెరవగలదు. మనసు మరో చోట లగ్నమైతే నొప్పి తగ్గడం భ్రమ కాదు. కలాన్ని కసిమిలో, అంటే మా నల్లరంగు నీళ్ళలో, ముంచి మొదటి గీత లాగినప్పుడు నాకూ చేతులున్న సంగతి గుర్తుండదు.

అయితే మరచిపోయిన నొప్పి అప్పులాంటిది. ఏడేళ్ళ కిందట రామ పట్టాభిషేకం బట్ట ఒకటి గడువులోగా ఇవ్వాలని ఒకే రాత్రి అయిదు గంటలు అంచు గీశాను. ఎంత హాయిగా సాగిందో చెప్పలేను. చెయ్యి చెయ్యిలా లేదు, గాలిలా ఉంది. తర్వాత తొమ్మిది రోజులు దువ్వెన పట్టుకోలేకపోయాను. నా జడ నా కూతురు వేసింది, అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. కాబట్టి ఇప్పుడు గడియారం పెట్టుకుంటాను. ఇరవై నిమిషాలు గీత, పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో చేతులు. రోజుకు నాలుగు విడతలు, మధ్యాహ్నం పన్నెండు తర్వాతే. బాగున్న రోజునా నాలుగే. బాగున్న రోజున ఆపడమే అన్నిటికన్నా కష్టం.

కలంకారీలో ఇలా మధ్యలో ఆపడం తేలిక కాదు. కలం అంటే చివర చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గాని గుడ్డ గాని ఉండలా చుట్టి దారంతో కడతారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్ళలో రోజుల తరబడి ఊరవేసి తీసిన కసిమిలో దాన్ని ముంచితే ఆ ఉండ పీల్చుకుంటుంది. బొటనవేలితో నొక్కేకొద్దీ రంగు మొనలోకి దిగుతుంది. కరక్కాయ, గేదెపాలు పట్టించిన బట్ట మీద అది తగలగానే నల్లబడుతుంది. నొక్కు తగ్గితే గీత ఎండిపోతుంది, ఎక్కువైతే చిందుతుంది. అంటే ఈ కళ మొత్తం బొటనవేలి కీలు మీద నడుస్తుంది. సరిగ్గా నా జబ్బు కూర్చున్న చోటు. గీత మధ్యలో ఆపి మళ్ళీ అందుకుంటే అతుకు దగ్గర రంగు రెండుసార్లు పడి చుక్కలా కనబడుతుంది. అందుకని నేను ఇప్పుడు పొడవాటి గీతలు పెట్టుకోను. ఆకు కొసన ఆగే గీత, చేప పొలుసు దగ్గర ఆగే గీత, నెమలి ఈక చివర ఆగే గీత. ఉన్నికి బదులు మెత్తని స్పాంజి చుట్టాను, తక్కువ నొక్కితే చాలు. పట్టుకునే చోట పాత నూలుగుడ్డ చుట్టి కలాన్ని మొక్కజొన్న పొత్తంత లావు చేశాను. తడిబట్ట పిండి ఉతికే పనికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. ఆమెకు ఇచ్చే డబ్బు బట్ట ధరలో కలుపుతాను. బేరమాడేవారికి కారణం చెబుతాను.

చూశారా, నొప్పి మీ శైలిని మార్చింది కదా అంటారు. మార్చింది. కానీ నొప్పి నాకిచ్చింది హద్దు మాత్రమే. ఆ హద్దులో ఏం చేయవచ్చో ఆలోచించింది నేను, నొప్పి లేని మధ్యాహ్నాల్లో. అయిదు మీటర్ల బట్టలు ఇప్పుడు వేయలేను. అడుగు చదరాలు వేస్తాను. చిన్నవీ అందమైనవే అని ఎవరైనా ఓదారిస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ పెద్ద బట్టలు నాకు కావాలి. వాటి కోసం ఇప్పటికీ ఏడుస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను. నా చేతిలో రోజుకు ఇంత అని బలం ఉంటుంది. అది పచ్చడి నూరడంలో పోవచ్చు, దుప్పటి పిండడంలో పోవచ్చు, గీతలో పోవచ్చు. మూడింటికీ చాలదు. జబ్బు వచ్చిన కొత్తలో బంధువులందరూ నాకు చెప్పింది ఒక్కటే: "చేతులు అలా ఉంటే ఆ బొమ్మలెందుకమ్మా, మానెయ్." వంట మానెయ్ అని ఒక్కరూ అనలేదు. నొప్పి వచ్చిన ఆడదాని జీవితంలో మొదట తీసేసేది ఆమెకు ఇష్టమైన పనిని. అది ఎవరికీ అవసరం లేనిది కాబట్టి. మా ఆయన మొదటి రెండేళ్ళు ఏమీ అనలేదు, సాయమూ చేయలేదు. ఒకరోజు డాక్టరమ్మ ఆయన ఎదుటే నా చేతి ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించారు. జబ్బు తినేసిన ఎముక చూశాక ఆయనకు మాట రాలేదు. ఇప్పుడు పొద్దుటి వంట ఆయనదే. నా నాలుగు విడతలు ఆ వంటలోంచి వచ్చినవి. నొప్పి ఉన్నా కళను వదలని స్త్రీ అని నన్ను ఎవరైనా మెచ్చుకుంటే, ఆ ఇంట్లో కూర ఎవరు తరుగుతున్నారని ముందు అడగమంటాను.

మా అత్తయ్యను అలా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పదకొండేళ్ళలో నాకు ఈ మధ్యే తట్టింది. మోకాళ్ళు పట్టుకుపోకముందు ధనుర్మాసం ముప్పై రోజులూ ఆవిడ వేసే మెలికల ముగ్గు చూడడానికి పక్క వీధి వాళ్ళు వచ్చేవారట. ఒకరోజు వేసినది మరో రోజు వేయలేదట. కింద కూర్చోలేక ఎప్పుడు మానేశారో ఆవిడకే సరిగా గుర్తులేదు. ఒక కళాకారిణి చెయ్యి ఆగిపోయింది, ఇంట్లో ఎవరమూ దాన్ని నష్టంగా లెక్కవేయలేదు. నా వేళ్ళ కోసం నేను ఇన్ని ఏర్పాట్లు చేసుకుంటూ, అదే ఇంట్లో ఆవిడ ముందు ఒక బల్ల వేయాలని అనుకోలేదు. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

పోయిన నెలలో నా బల్ల పక్కన వెన్నుకు ఆనుడున్న కుర్చీ వేసి, కరక్కాయ పట్టించిన బట్ట పరిచి, చింతబొగ్గు చేతికిచ్చాను. ఆవిడ చాలాసేపు బట్టను అరచేత్తో నిమిరారు. నేల మీద పిండి జారినట్టు బొగ్గు జారదని విసుక్కున్నారు. తర్వాత చుక్కలు మొదలుపెట్టారు. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందు చుక్క. పైకే లెక్కపెడుతూ పెట్టారు. గడియారం మోగింది. ఇద్దరం ఆపాం. నేను చేతులు నీళ్ళలో పెట్టాను, ఆవిడ కాళ్ళు స్టూలు మీద పెట్టుకున్నారు.

మరునాడు పొద్దున నేను వేళ్ళు కదలక మంచం మీదే కూర్చుని ఉంటే గుమ్మం పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"రాత్రి కాళ్ళు పీకి నిద్ర పట్టలేదు," అన్నారు. "లెక్క వేసుకుంటూ పడుకున్నాను. కింది నుంచి మూడో వరుసలో ఒక చుక్క తప్పింది. నువ్వు కసిమి పెట్టకు. మధ్యాహ్నం నేను సరిచేస్తాను."